ఆరు రంధ్రములు – పండ్రెండు స్వరములు

సంగీత వాద్యములలో పిల్లనగ్రోవివలె నిరాడంబరమైన నిర్మాణము గలవి అరుదు. వీణకు తంత్రులు, మెట్లు, బిరడలు కావలెను. మృదంగమునకు చర్మము, వార్లు కావలెను. హార్మోనియమునకు తిత్తి, రేకులు, మెట్లు ఉండవలెను. వేణువునకు కావలసినది ఒక బోలు గొట్టము, ఊదుటకు ఒక రంధ్రము, వ్రేళ్లు ఆనించుటకు మరికొన్ని రంధ్రములు మాత్రమే. పశువులను మేపు గోపబాలుడు సైతము అడవిలోని వెదురుతో దానిని చేసికొనగలడు. పోతన తన భాగవతమున వర్ణించిన శ్రీకృష్ణుని వేణువు అట్టిదే కదా!

అయినను ఇంత చిన్న వాద్యమునందు ఒక పెద్ద చిక్కు కలదు. హార్మోనియముపై తెల్లమెట్లను, నల్లమెట్లను కలిపి లెక్కించినచో ఒక స్థాయికి పండ్రెండు మెట్లుండును. పండ్రెండు స్వరములకు పండ్రెండు మెట్లు. కాని కొయ్యతో చేసిన సాధారణమైన వేణువునకు వ్రేళ్ల రంధ్రములు ఆరు మాత్రమే. ఆరు రంధ్రములనుండి పండ్రెండు స్వరములు ఎట్లు పుట్టును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు మానవుడు రెండు మార్గములను త్రొక్కినాడు. ఆ రెండింటి కథయే ఈ పాఠము.

మొదట స్వరముల లెక్కను జ్ఞప్తికి తెచ్చుకొందము. స, రి, గ, మ, ప, ద, ని అని స్వరములు ఏడు. వీనిలో షడ్జమము, పంచమము మార్పులేనివి. తక్కిన ఐదింటికి హెచ్చు తగ్గు భేదములు కలవు. శుద్ధ రిషభము, చతుశ్శ్రుతి రిషభము. సాధారణ గాంధారము, అంతర గాంధారము. శుద్ధ మధ్యమము, ప్రతి మధ్యమము. శుద్ధ ధైవతము, చతుశ్శ్రుతి ధైవతము. కైశికి నిషాదము, కాకలి నిషాదము. ఈ పదింటితో షడ్జ పంచమములను చేర్చిన పండ్రెండు స్వరస్థానములు అగును. ఒక స్థానమునుండి ప్రక్క స్థానమునకు పోవు ఎడము చాల చిన్నది. షడ్జమము సెకనుకు సుమారు 294 స్పందనములు గల ధ్వని యనుకొందము. దాని ప్రక్కనున్న శుద్ధ రిషభము సుమారు 311 స్పందనములు గలది. అనగా ఒక మెట్టు ఎక్కుటకు స్పందనముల సంఖ్య నూటికి ఆరు చొప్పున పెరిగిన చాలును. ఇట్లు పండ్రెండు మెట్లు ఎక్కునప్పటికి ఆ సంఖ్య రెట్టింపై పై స్థాయి షడ్జమము వచ్చును.

ఇక వేణువు పనిచేయు విధము. ముఖరంధ్రపు అంచునకు అడ్డముగా ఊదినపుడు గొట్టములోని గాలి కంపించును. కంపించు గాలిస్తంభము పొడవైన కొలది ధ్వని తగ్గును. పొట్టియైన కొలది హెచ్చును. రంధ్రములన్నియు మూసినపుడు గాలిస్తంభము గొట్టము కొనవరకు సాగును. అదియే అన్నిటికంటె క్రింది స్వరము. కొనవైపుననున్న రంధ్రమును తెరచినచో స్తంభము అచ్చటనే ముగిసినట్లగును. ధ్వని ఒక మెట్టో రెండు మెట్లో పైకిపోవును. ఒక్క మెట్టు ఎక్కుటకు గాలిస్తంభము ఇంచుమించు పదునెనిమిదింట ఒక వంతు తగ్గవలెను. వెదురుగాని కొయ్యగాని, మురళిగాని ఐరోపా ఫ్లూటుగాని, ఈ నియమము అన్నింటికిని సమానమే.

ఐరోపా ఖండమున పూర్వము వాడుకలో నుండిన కొయ్య ఫ్లూటును ఉదాహరణముగా గ్రహింతము. దానికి ఎడమచేతి మూడు వ్రేళ్లకు మూడు, కుడిచేతి మూడు వ్రేళ్లకు మూడు, మొత్తము ఆరు రంధ్రములు. ముఖరంధ్రమునకు దగ్గరగా నున్నదానిని మొదటి రంధ్రమనియు, కొనవైపున నున్నదానిని ఆరవదనియు పిలుతము. ఆరును మూసిన షడ్జమము. ఆరవదానిని తెరచిన చతుశ్శ్రుతి రిషభము. ఐదవదానిని గూడ తెరచిన అంతర గాంధారము. ఇట్లు వరుసగా ఒక్కొక్క వ్రేలిని ఎత్తుచు పోగా శుద్ధ మధ్యమము, పంచమము, చతుశ్శ్రుతి ధైవతము వచ్చును. అన్ని రంధ్రములును తెరచినపుడు కాకలి నిషాదము పలుకును. పిమ్మట మరల రంధ్రములను మూసి, పెదవులను కొంచెము బిగించి గాలిని వేగముగా ఊదినచో పై స్థాయి ఆరంభమగును. ఈ స్వరములను ఒకచోట చేర్చి పాడి చూడుడు. అది మనకు చిరపరిచితమైన శంకరాభరణమే! ఏడు సముద్రముల ఆవలి కొయ్యగొట్టము మన ఇరువది తొమ్మిదవ మేళకర్తను పలుకుచున్నది.

కాని శంకరాభరణము ఒక్కటియే సంగీతము కాదు. శుద్ధ రిషభము, సాధారణ గాంధారము, ప్రతి మధ్యమము, శుద్ధ ధైవతము, కైశికి నిషాదము అను ఐదు స్వరములు ఈ నిచ్చెనలో లేవు. ఈ లేని మెట్లను కల్పించుటకు వాద్యకారులు రెండు ఉపాయములను కనిపెట్టిరి.

మొదటిది సగము మూయుట. రంధ్రమును పూర్తిగా తెరవక, వ్రేలిని ఒక ప్రక్కకు దొర్లించి కొంతభాగమును మాత్రమే తెరచినచో, మూసినపుడు పలుకు స్వరమునకును తెరచినపుడు పలుకు స్వరమునకును నడుమనున్న స్వరము పలుకును. వినుటకు ఇది మిక్కిలి సులభముగా తోచును. చేయుటలో కష్టము తెలియును. ఎంత తెరవవలెనో చూపు గుర్తు రంధ్రముపై ఏదియు లేదు. ఊదు గాలి కొంచెము హెచ్చినను స్వరము చలించును. మెల్లగా సాగు పాటలో చెవి సరిదిద్దగలదు గాని, వేగముగా సాగు పాటలో ప్రతిసారియు వ్రేలు సరిగా ఆ చోటనే నిలుచుటకు ఎన్నో ఏండ్ల సాధన కావలెను.

రెండవ ఉపాయము మరింత చిత్రమైనది. ఒక రంధ్రమును తెరచియే యుంచి, దానికి దిగువనున్న ఒకటి రెండు రంధ్రములను మూయుట. తెరచిన రంధ్రముతో గాలిస్తంభము ముగిసిపోవును గదా, దిగువ మూసిన నేమి, తెరచిన నేమి అని మీరు అడుగవచ్చును. పొలమునకు పోవు కాలువకు గండి పడినదనుకొనుడు. గండి పెద్దదైనచో నీరంతయు అచ్చటనే వెలికి పోవును. గండి చిన్నదైనచో కొంతనీరు బయటికి పోయినను, కొంత కాలువవెంట ముందునకే సాగును. చిన్న రంధ్రము విషయమును ఇట్టిదే. కంపనము కొంత ఆ రంధ్రమును దాటి దిగువకు చొచ్చుకొనిపోవును. దిగువ రంధ్రములు మూసియున్నచో గాలిస్తంభము ఆ మేరకు పొడవైనట్లై ధ్వని ఒక మెట్టు తగ్గును.

ఈ పద్ధతిచే మొదటి రంధ్రమును తెరచి, రెండవ మూడవ రంధ్రములను మూసినచో కాకలి నిషాదము తగ్గి కైశికి నిషాదమగును. మొదటిది మూసి, రెండవది తెరచి, మూడవదానిని దాని దిగువ ఒకటి రెండింటిని మూసినచో శుద్ధ ధైవతము. మొదటి రెండును మూసి, మూడవది తెరచి, నాలుగవ ఐదవ రంధ్రములను మూసినచో ప్రతి మధ్యమము. మొదటి నాలుగును మూసి, ఐదవది తెరచి, ఆరవదానిని మూసినచో సాధారణ గాంధారము. రంధ్రముల పరిమాణమును బట్టి ఈ అమరికలలో కొంత మార్పు అవసరమగును. స్వరము ఇంకను కొంచెము హెచ్చుగా నున్నచో వేణువును పెదవివైపు త్రిప్పి తగ్గింతురు. తగ్గుగా నున్నచో వెలుపలికి త్రిప్పి హెచ్చింతురు.

ఇంతవరకు నాలుగు స్వరములు దొరకినవి. మిగిలినది శుద్ధ రిషభము. అది పలుకుటకు ఆరవ రంధ్రమును తెరచి, దాని దిగువ రంధ్రమును మూయవలెను. కాని ఆరవదానికి దిగువ రంధ్రమేదీ? లేదు! అదియే కడపటిది. కావున ఈ ఒక్క స్వరమునకు రెండవ ఉపాయము పనికిరాదు; ఆరవ రంధ్రమును సగము మూయుట తప్ప వేరు మార్గము లేదు. ఈ చిన్న చిక్కే ఐరోపాలో ఫ్లూటు చరిత్రను మార్చివైచినది. 17వ శతాబ్దము చివరి భాగమున ఫ్రాన్సు దేశపు పనివారు ఆరవ రంధ్రమునకు దిగువ మరియొక రంధ్రమును తొలిచి, దానిపై ఒక లోహపు మీటను అమర్చిరి. చిటికెనవ్రేలితో ఆ మీటను నొక్కినచో రంధ్రము తెరచుకొని శుద్ధ రిషభము స్పష్టముగా పలుకును. మొదటి మీట ఆ చోటనే ఎందులకు వెలసినదో ఇప్పుడు మీకు బోధపడినది గదా!

ఓత్తెతేర్ అను ఫ్రెంచి వాద్యకారుడు 1707లో ప్రచురించిన గ్రంథమున ఈ ఒంటిమీట ఫ్లూటుపై ఏ స్వరమునకు ఏ వ్రేళ్లు ఉంచవలెనో పట్టికలతో వివరించినాడు. ప్రష్యా రాజగు రెండవ ఫ్రెడరిక్కునకు ఫ్లూటు నేర్పిన క్వాంట్స్ 1752లో మరియొక గొప్ప గ్రంథమును వెలువరించెను. ఈతడు తన ఫ్లూటునకు రెండు మీటలు పెట్టుకొనెను. రెండును దాదాపు ఒకే స్వరమునకే! షడ్జమమును హెచ్చించినపుడు వచ్చు ధ్వనియు, రిషభమును తగ్గించినపుడు వచ్చు ధ్వనియు ఒకటి కావనియు, వాని నడుమ వెండ్రుకవాసి భేదము కలదనియు ఆతని మతము. స్థాయిని ఇరువది రెండు శ్రుతులుగా విభజించిన మన పూర్వులకు ఇట్టి సూక్ష్మభేదము కొత్తది కాదు.

విడిచి మూయు పద్ధతిలో పుట్టిన స్వరములకు ఒక ప్రత్యేకత కలదు. అవి పూర్తిగా తెరచిన స్వరములవలె ప్రకాశింపవు. పలుచని తెరచాటున నున్న దీపమువలె మెత్తగా, మసకగా నుండును. ఒకే పాటలో కొన్ని స్వరములు ఎండవలెను, కొన్ని నీడవలెను వినిపించును. బాఖ్ అను మహావాగ్గేయకారుడు (1685–1750) ఫ్లూటునకై రచించిన కృతులు ఒంటిమీట ఫ్లూటు ప్రబలియున్న కాలమున పుట్టినవే. ఆనాటి రసికులు ఆ వెలుగు నీడలను సంగీతమునకు అలంకారముగా భావించిరి.

కాలక్రమమున వాద్యబృందములు పెద్దవైనవి, సంగీతశాలలు విశాలమైనవి. మెత్తని స్వరము చివరి వరుసవరకు వినబడకపోయెను. వాద్యకారులు అన్ని స్వరములును సమానమైన బలముతో పలుకవలెనని కోరిరి. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఒక్కొక్క లోటు స్వరమునకు ఒక్కొక్క మీట చొప్పున చేర్చిరి. 19వ శతాబ్దమున ఎనిమిది మీటలు గల ఫ్లూటులు విరివిగా వెలువడినవి.

జర్మనీలోని మ్యూనిక్ నగరవాసియగు థియోబాల్డ్ బోమ్ (1794–1881) స్వర్ణకారవృత్తిలో ఆరితేరినవాడు, ఫ్లూటు విద్వాంసుడును. 1831లో ఆతడు లండను నగరమున చార్లెస్ నికల్సన్ అను వాద్యకారుని వినెను. నికల్సన్ ఫ్లూటు రంధ్రములు మిక్కిలి పెద్దవి. అందుచే ఆతని ధ్వని గంభీరముగా నుండెను. బోమునకు అట్టి ధ్వని కావలెను. కాని పెద్ద గండి పడిన కాలువలో నీరు ముందునకు సాగదు గదా! రంధ్రములు పెద్దవైన కొలది విడిచి మూయు ఉపాయము పనిచేయదు. ప్రతి స్వరమునకు దాని తగిన చోట వేరుగా ఒక పెద్ద రంధ్రము కావలెను. అన్ని రంధ్రములను మూయుటకు వ్రేళ్లు చాలవు, అందవు కూడను. కావున బోమ్ తన స్వర్ణకార నైపుణ్యమును వినియోగించి, ఒక వ్రేలి కదలికతో దూరముననున్న మూతలు సైతము కదలునట్లు కమ్ములను, ఉంగరములను కూర్చెను. 1832లో ఒక రకమును, 1847లో దానికంటె మెరుగైన మరియొక రకమును నిర్మించెను. లోకమున సంగీతశాలలలో వినబడు వెండి ఫ్లూటు ఈ రెండవదాని సంతతియే. ఇది మొదటి మార్గము: కష్టమును వాద్యమునకు అప్పగించుట.

అయితే పాత కొయ్య ఫ్లూటు మరణింపలేదు. కొత్తవి రాగా పాతవి చౌకయై, ఐర్లాండు దేశపు పల్లెటూళ్ల వాద్యకారుల చేతికి చేరినవి. వారి జానపద నృత్యగీతములు ఎక్కువగా రెండు శ్రుతులలో సాగును. ఒకటి ఆరు రంధ్రములను మూసి పలికించు స్వరము షడ్జముగా గలది. రెండవది మూడు రంధ్రములను మూసి పలికించు స్వరము షడ్జముగా గలది. ఈ రెండవదానిలో మనకు పరిచితమైన గ్రహభేదమే కనబడును. శంకరాభరణపు మధ్యమమును షడ్జముగా భావించిన కల్యాణి రాగము వచ్చును. ఆ ప్రతి మధ్యమమును శుద్ధ మధ్యమముగా మార్చుటకు ఒకే ఒక స్వరమును తగ్గించిన చాలును. అది మొదటి రంధ్రమును విడిచి దిగువవానిని మూయుటచే లభించునని ఇంతకుముందే తెలిసికొంటిమి. కావున మీటలు లేని ఫ్లూటుతోనే వారి సంగీతము చాలవరకు సాగిపోవును. పైగా వ్రేలికొన రంధ్రమును స్వయముగా తాకుటచే స్వరమును తట్టుట, విరుచుట, జార్చుట వంటి అలంకారములు వారికి సులువైనవి.

ఇక మన దేశమునకు వత్తము. ఇచ్చట వేణువునకు మీటల అవసరము కలుగలేదు. దీనికి కారణము మన పనివారికి చాతగాకపోవుట కాదు; మన సంగీతపు స్వభావము అట్టిది. మన రాగములలో స్వరము ఒక చోట కదలక నిలిచియుండు శిల వంటిది కాదు. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారుట, ఊగుట, తాకి మరలుట, ఇవి యన్నియు గమకములు. మీట తెరచుకొనును లేదా మూసికొనును. దానికి నడిమి స్థితి తెలియదు. వ్రేలికి మాత్రము అన్ని స్థితులును తెలియును. ఐరోపావారికి చిక్కుగా తోచిన సగము మూతయే మనవారికి సంపదయైనది.

హిందూస్థానీ బాఁసురీకి ప్రధానముగా ఆరు రంధ్రములు. మూడింటిని మూసిన షడ్జమము. అన్నియు తెరచిన ప్రతి మధ్యమము. శుద్ధ మధ్యమము కావలెనన్న మొదటి రంధ్రమును సగము మూయుదురు. పన్నాలాల్ ఘోష్ (1911–1960) పొడవైన బాఁసురీని ప్రవేశపెట్టి, గంభీరమైన రాగాలాపనకు దానిని అర్హముగా చేసెను. కర్ణాటక సంగీతపు వేణువునకు సాధారణముగా ఎనిమిది రంధ్రములుండును. కుంభకోణమున నివసించిన శరభశాస్త్రి (1872–1904) చిన్ననాటనే చూపును కోల్పోయెను. అయినను తన చెవిని, వ్రేళ్లను నమ్మి సాధన చేసి, వేణువునకు కచేరీ వేదికపై ప్రధాన వాద్యమను గౌరవమును సంపాదించెను. పిమ్మట టి. ఆర్. మహాలింగము (1926–1986) వ్రేళ్లను ఉంచు తీరును, పెదవులను నడపు తీరును మార్చి, కంఠమున పలుకు గమకములన్నియు వెదురున పలుకునట్లు చేసెను. త్యాగరాజస్వామి తెనుగు కృతిని వేణువుపై విన్నపుడు, మాటలు లేకున్నను సాహిత్యము మన మనస్సులో మెదలుట ఇట్టి విద్వాంసుల కృషి ఫలమే. ఇది రెండవ మార్గము: కష్టమును మనిషియే వహించుట.

మీలో ఎవరికైన వేణువు నేర్చుకొనవలెనని కోరిక యున్నచో కొన్ని మాటలు గుర్తుంచుకొనుడు. మొదట తంబురా శ్రుతిలో షడ్జ పంచమములు స్థిరముగా పలుకునంతవరకు ఇతర స్వరములకు పోరాదు. లోటు స్వరమును ఊదుటకు ముందు నోటితో పాడి చూడవలెను. కంఠమున లేని స్వరము వ్రేలికి దొరకదు. సగము మూయునపుడు వ్రేలిని పైకెత్తక ప్రక్కకు దొర్లింపవలెను. వ్రేళ్లను గట్టిగా అదుమరాదు. మెత్తని వ్రేలికొన మాత్రమే రంధ్రమును నిండుగా కప్పగలదు. పై స్థాయిలో విడిచి మూయు అమరికలు కొన్ని మారుననియు మరువరాదు. ఒక్కొక్క వేణువునకు ఒక్కొక్క గుణముండును. దాని లోపమెచ్చటనో కనిపెట్టి, ఆ లోపమునకు తగినట్లు ఊదుటయే నేర్పు.

ఈ రెండు మార్గములలో ఏది మేలు? బోమ్ నిర్మించిన వాద్యము లేనిచో పెద్ద వాద్యబృందముల నడుమ ఫ్లూటు గొంతు అణగిపోయెడిది. మీటలు లేని వేణువు లేనిచో గమకమునకు ఇంత చక్కని నిలయము ఉండెడిది కాదు. ఒకరు అన్ని స్వరములకు సమానమైన వెలుగును కోరిరి. మరియొకరు స్వరమునకు స్వరమునకు నడుమనున్న దారిని కోరిరి. ఎవరికి కావలసినది వారికి లభించినది. దానికై కొంత వదలుకొనక తప్పలేదు. మీటల ఫ్లూటు వాయించువాడు వ్రేలికొనకును రంధ్రమునకును గల పొత్తును కొంత కోల్పోయెను. మీటలు లేనిది వాయించువాడు తన ఆయుష్షులో ఎన్నో ఏండ్లను ఐదు స్వరములకై ధారపోసెను. అయితే ఆ ఏండ్లు వ్యర్థము కాలేదు. ప్రతి స్వరమును స్వయముగా వెదకికొనవలసివచ్చుటచే ఆతని చెవి మేల్కొనినది. గొట్టముపై రంధ్రములు ఆరే. తక్కిన స్వరముల చోటు వాద్యకారుని చెవిలోను, ఊపిరిలోను, వ్రేలికొనలోను కలదు.

ప్రశ్నలు

1. ఆరు రంధ్రముల కొయ్య ఫ్లూటుపై సహజముగా పలుకు రాగమేది? అందు లేని స్వరములేవి?
2. తెరచిన రంధ్రమునకు దిగువ రంధ్రములను మూసినచో స్వరము ఎందులకు తగ్గును? కాలువ ఉపమానముతో వివరింపుడు.
3. ఫ్లూటునకు మొదటి మీట శుద్ధ రిషభమునకే ఎందులకు అమర్చవలసివచ్చినది?
4. రంధ్రములు పెద్దవైనపుడు మీటలు ఎందులకు అవసరమైనవి?
5. మన సంగీతమున వేణువునకు మీటలు ఎందులకు చేరలేదు?